కాగు కింద కనకయ్య గొంతు

రోహిణి పుట్టి పెరిగింది గోపన్‌పల్లిలో. ఆమె చిన్నతనంలో ఆ ఊరికీ గచ్చిబౌలికీ మధ్య బండరాళ్లూ సీతాఫలం చెట్లూ తప్ప చెప్పుకోవడానికి ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు అదే దారిన ఆఫీసు క్యాబ్ ఎక్కి మాదాపూర్ వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ముప్పై దాటిన మనిషి, మితభాషి. ఎవరైనా పలకరిస్తేనే పలుకుతుంది. కానీ ఆమె దగ్గర "కాగు కింద కనకయ్య" అన్న మాట ఎత్తారా, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

అది ఒక జపాన్ కార్టూన్. దాని అభిమానులు కార్టూన్ అంటే ఒప్పుకోరు, అనిమే అనాలంటారు. రోహిణి బడికి వెళ్లే రోజుల్లో ఒక చిన్న తెలుగు ఛానెల్ సాయంత్రం పూట దాన్ని వేసేది. కథంతా ఒక పాత స్నానశాలలో జరుగుతుంది. ఊరివాళ్లంతా వచ్చి వేణ్ణీళ్ల తొట్టిలో మునిగి సేదతీరే చోటు అది. ఆ నీళ్లు కాగేది కట్టెలతో కాదు, కాగు కింద గూట్లో దాక్కున్న పిల్ల డ్రాగన్ ఊదే మంటతో. చిక్కల్లా ఏమిటంటే, ఆ డ్రాగన్‌కి నవ్వొస్తే మంట ఆరిపోతుంది. దాన్ని నవ్వనివ్వకూడదని ఇంటివాళ్లు నానా అవస్థా పడతారు. ఆ అవస్థ చూసే అది నవ్వుతుంది. నీళ్లు చల్లబడతాయి, తొట్టిలోని పెద్దమనుషులు తువ్వాళ్లు చుట్టుకుని వీధిలోకి పరుగెత్తుతారు.

తెలుగులో ఆ డ్రాగన్‌కి కనకయ్య అని పేరు పెట్టారు. స్నానశాల నడిపే ముసలమ్మా, మిగతా అందరూ పుస్తకాల తెలుగు మాట్లాడుతుంటే, కనకయ్య మాత్రం "జర నన్ను నవ్వియ్యకుండ్రి, నీళ్లు సల్లవడ్తయ్" అనేవాడు. మొదటిసారి ఆ మాట చెవిన పడ్డప్పుడు రోహిణి తల్లి బుచ్చమ్మ రొట్టెలు చేస్తోంది. పిండి చేతులతోనే టీవీ ముందుకొచ్చి నిలబడింది. టీవీలో తమలా మాట్లాడేవాళ్లంటే ఆమె అప్పటిదాకా చూసింది రౌడీలనూ తాగుబోతులనూ. కనకయ్య అట్లా కాదు. ఆ ఇంట్లో అందరికంటే తెలివైనవాడూ, మనసున్నవాడూ వాడే. తల్లీకూతుళ్లు ఆ తర్వాత ఒక్క భాగం కూడా వదల్లేదు. అయితే కథ ముగింపుకొచ్చే సమయానికి ఆ ఛానెలే మూతపడింది.

ఏళ్ల తర్వాత, కొత్తగా చేరిన కంపెనీలో, అవినాష్ అనే సహోద్యోగి బల్ల మీద అరచేతిలో పట్టేంత ఎర్రటి కనకయ్య బొమ్మ కనిపించింది రోహిణికి. తనంతట తానే వెళ్లి, "ఈ బొమ్మ మీకు ఏడ దొరికింది?" అని అడిగింది. అవినాష్‌ది కాకినాడ. ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్లుగా కాచుకుని ఉన్నవాడిలా కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అతని దగ్గర లేనిది లేదు. బిస్కెట్ పొట్లాల్లో వచ్చిన స్టిక్కర్లు, జపాన్ నుంచి తెప్పించిన డిస్కులు, ఎవరో ఇంట్లో టీవీ నుంచి క్యాసెట్ల మీదికి ఎక్కించుకున్న తెలుగు భాగాలు. ఆ రోజు ఇద్దరూ మధ్యాహ్నం భోజనం మర్చిపోయారు.

క్రమంగా చుట్టుపక్కల ఆఫీసుల నుంచి మరికొందరు కలిశారు. శనివారాలు కొండాపూర్‌లో ఒక ఇరానీ హోటల్లో కూర్చుని, ఏ భాగం గొప్పదో తేలేదాకా చాయ్ మీద చాయ్ తాగేవాళ్లు. ఎన్నడూ తేలని తగవు మాత్రం ఒకటుంది. ఆఖరి భాగానికి తెలుగులో గొంతులు పెట్టారా లేదా? జపాన్ డిస్కులో ఆ భాగం ఉంది. తెలుగుది చూసినవాడు ఒక్కడూ లేడు. కనకయ్యకు గొంతు ఇచ్చిందెవరో కూడా తెలియదు. పేర్లు వేసే సమయానికి ఛానెల్ వాళ్లు ప్రకటనలు వేసుకునేవారు.

ఒక శనివారం అవినాష్ కొత్తగా సంపాదించిన క్యాసెట్ ఒకటి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి తెచ్చి వినిపించాడు. కనకయ్య మాటల వెనక ఠంగుఠంగుమని ఏదో మోగుతోంది. అది స్నానశాలలో గిన్నెల చప్పుడని అతనన్నాడు. రోహిణి ఒప్పుకోలేదు. తప్పులు పట్టే చెవి కదా. జపాన్ డిస్కునూ తెలుగు క్యాసెట్‌నూ పక్కపక్కన పెట్టి విన్నది. జపాన్‌లో ఆ చప్పుడు లేదు. అంటే అది గొంతులు రికార్డు చేసిన గది బయటి నుంచి వచ్చింది. మళ్లీ విన్నది. ఒకచోట, ముసలమ్మ కనకయ్యను తిడుతున్న మాటల అడుగున, సన్నగా సైరన్ కూత వినబడింది. రోహిణి చాయ్ గ్లాసు పక్కకి నెట్టింది.

"అవినాష్, ఇది బాలానగర్," అంది.

"ఎలా చెప్పగలవ్?"

"మా మేనమామ ఆడ లేతు షాపుల పనిచేసేటోడు. ఎండకాలం సెలవులంటే మేం ఆడ్నే ఉండేది. ఈ సైరన్ మోగితేనే మామ అన్నానికి వచ్చేటోడు."

ఇద్దరూ చాయ్ అక్కడే వదిలేసి మెట్రో ఎక్కారు. బాలానగర్‌లో దిగి ఒక్కో సందూ పట్టుకుని, షెడ్డు షెడ్డుకీ ఆగి, ఇక్కడెక్కడైనా పూర్వం రికార్డింగు గది ఉండేదా అని అడుగుతూ పోయారు. ఇనుము కోసే చప్పుడులో వాళ్ల ప్రశ్న ఎవరికీ సరిగా వినబడలేదు. చివరికి వెల్డింగు చేస్తున్న ఒకాయన ముఖం మీది అద్దం పైకెత్తి, "బొమ్మలకు మాటలు చెప్పేటోళ్లు వచ్చేది, గదేనా? ఈశ్వరయ్య సేటును అడుగున్రి," అని పక్క సందు చూపించాడు.

ఈశ్వరయ్య తలంతా నెరిసిన మనిషి. కింద ఆయన అన్నగారి లేతు షాపు, పైన రేకుల గది. ఒకప్పుడు ఆ గదిలోనే ఛానెల్ వాళ్ల కోసం గొంతులు రికార్డు చేసేవాడు. కనకయ్య పేరు వినగానే మనిషి ముఖం విచ్చుకుంది.

"గోడలకు పరుపులు కొట్టినం, కిటికీలకు బొంతలు కట్టినం. అయినా కింది మిషన్ల సప్పుడు వచ్చేది. జర ఆపమంటే మా అన్న వినేటోడు గాదు," అన్నాడు మెట్లెక్కుతూ. పైన ఇనుప బీరువా తెరిస్తే, దుమ్ముపట్టిన టేపులు వరుసగా నిలబడి ఉన్నాయి. అవినాష్ గుళ్లోకి అడుగుపెట్టినట్టు చెప్పులు విడిచేశాడు.

"ఆఖరి భాగం ఉన్నదా సేటూ?" రోహిణి అడిగింది.

"ఉన్నది. గని పూర్తి గాలె. అందరి మాటలున్నయ్, కనకయ్య మాటల్లేవు."

"ఏమైందండీ ఆయనకి?" అన్నాడు అవినాష్.

ఈశ్వరయ్య నవ్వాడు. "ఆయన గాదు బిడ్డా, ఆమె. భ్రమరాంబ మేడమ్. గుంటూరు దిక్కు మనిషి. ఇప్పుడు బాచుపల్లిల తెలుగు టీచరు."

ఈశ్వరయ్య ఇచ్చిన టేపుల పెట్టె పట్టుకుని మెట్రోలో తిరిగొస్తుంటే అవినాష్ మాటలకు అంతు లేదు. రోహిణి మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కనకయ్య గొంతు తమ వాడకట్టు మనిషిదేనని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఎవరో గుంటూరావిడ తమ మాటను వేళాకోళానికి పలికిందేమోనన్న అనుమానం గుచ్చుకుంది. వెళ్లి అడగాల్సిందేనని నిశ్చయించుకుంది.

మర్నాడు బాచుపల్లిలో తలుపు తీసిన భ్రమరాంబ పొట్టి మనిషి, కళ్లజోడు, చేతిలో దిద్దుతున్న పరీక్ష పేపర్లు. కనకయ్య కోసం వచ్చామని చెబితే నమ్మడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

"వాణ్ణి గుర్తుపెట్టుకున్నవాళ్లున్నారా అమ్మా?" అంది. వాళ్లు ఫోనులో కనకయ్య బొమ్మలూ స్టిక్కర్లూ చూపించారు. ఆమె ఒక్కొక్కదాన్నే దగ్గరగా పెట్టుకుని చూసింది.

రోహిణి ఉండబట్టలేక అడిగేసింది. "ఆ మాట మీకెట్ల వచ్చింది మేడమ్?"

"ఎల్లమ్మ నేర్పింది. పెళ్లయి బాలానగర్ వచ్చినప్పుడు నాకు ఇక్కడ ఎవరూ తెలియదండి. మా ఆయన పొద్దున ఫ్యాక్టరీకి వెళ్తే సాయంత్రానికి గానీ రారు. పక్క పోర్షన్‌లో ఉండే ఎల్లమ్మే వచ్చి, 'ఏం అక్కా, గిట్ల ఒక్కదానివే కూసుంటే ఎట్ల?' అని చెయ్యి పట్టుకుని బయటకి లాక్కెళ్లింది. ఆవిడ మాట్లాడుతుంటే ఇంకా వినాలనిపించేది. కనకయ్యకి రాసిచ్చిన డైలాగులు నాకు చప్పగా అనిపించాయి. ఎల్లమ్మలా చెబుతానని ఈశ్వరయ్యగారితో పోట్లాడాను. నాకు కనకయ్యంటే ఎల్లమ్మేనమ్మా."

రోహిణి ఆ మాట విని కుర్చీలో వెనక్కి వాలింది.

"మరి ఆఖరి భాగం?" అవినాష్ అడిగాడు.

భ్రమరాంబ లోపలి గది వైపు చెయ్యి చూపించింది. "ఆ వారమే ఇది పుట్టింది." గుమ్మంలో ఆమె కూతురు జ్యోత్స్న నిలబడి వింటోంది. తల్లికి ఇలాంటి కథ ఒకటుందని ఆ పిల్లకి ఆ క్షణం వరకూ తెలియదు. "నేను తిరిగి వెళ్దామనుకునేలోపు ఛానెల్ మూసేశారు."

"ఇప్పుడు చెప్తారా ఆంటీ?" అంది రోహిణి. ఆ ప్రశ్న తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

రాత ప్రతి ఎక్కడా దొరకలేదు. జపాన్ డిస్కులో బొమ్మ కింద వచ్చే ఇంగ్లీషు మాటలు చూసి కనకయ్య మాటలు తెలుగులో మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ పని రోహిణి మీద పడింది. మెసేజ్‌లు తప్ప తెలుగులో రాసిన అలవాటు లేదు. క్యాబ్‌లో రాసింది, లంచ్‌లో రాసింది, రాసినవి తల్లికి చదివి వినిపించింది. బుచ్చమ్మ కూరగాయలు తరుగుతూనే, "గట్ల ఎవలన్న అంటరా? పేపర్ల రాసినట్టున్నది," అని సగానికి సగం కొట్టేయించింది. తల్లి నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టు రాసుకోవడం మొదలుపెట్టాక రోహిణి కలం పరుగు పెట్టింది.

రికార్డింగు గోపన్‌పల్లిలో రోహిణి వాళ్లింట్లోనే, ఆదివారం మధ్యాహ్నం. ఉన్న బొంతలన్నీ గోడలకు వేలాడదీశారు. అవినాష్ మైకు పెట్టాడు. భ్రమరాంబ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. కానీ వచ్చింది కనకయ్య గొంతు కాదు, పాఠం చెబుతున్న టీచరుగారి గొంతు. మళ్లీ చెప్పింది. మళ్లీ అదే. ఎల్లమ్మ వాళ్లు ఇల్లు మారి ఎన్నో ఏళ్లయింది; ఆ మాట వినక నాలుక తిరగడం లేదు. "నావల్ల కాదేమో అమ్మా," అని మైకు ముందు నుంచి లేచింది.

బుచ్చమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "పరేషాన్ గాకు అక్కా. జర సేపు ఆ మిషిను బంద్ వెట్టున్రి. మనం ముచ్చట వెట్టుకుందం."

ఇద్దరూ ముచ్చట్లలో పడ్డారు. బుచ్చమ్మ తన బర్రెల గురించి చెప్పింది. ఒకసారి వాటిలో ఒకటి తాడు తెంపుకుని కొత్తగా కట్టిన ఐటీ కంపెనీ గేటులోకి దూరితే, సెక్యూరిటీ వాళ్లు దాన్ని ఐడీ కార్డు అడగాలో వద్దో తెలియక ఎట్లా బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారో నటించి చూపించింది. భ్రమరాంబ పడిపడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, "మరి అది ఏమన్నదే? ఉద్యోగమిస్తరా, గడ్డేస్తరా అన్నదా?" అంది.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ గొంతు కనకయ్యది. కాస్త బరువెక్కింది, కొంచెం జీర వచ్చింది, కానీ వాడే. అవినాష్ మైకు మీదికి దూకినంత పని చేశాడు. ఆ తర్వాత ఆమెకి ఎక్కడా తడుముకోవాల్సిన అవసరం రాలేదు.

తర్వాతి శనివారం సాయంత్రం కొండాపూర్‌లో అవినాష్ ఉండే అపార్ట్‌మెంట్ క్లబ్ హాల్లో తెర కట్టారు. కుర్చీలు చాలక కొందరు నేల మీద కూర్చున్నారు. ఈశ్వరయ్య ఇస్త్రీ చొక్కాలో ముందు వరుసలో కూర్చున్నాడు, పక్కన బుచ్చమ్మ, భ్రమరాంబ, జ్యోత్స్న. రోహిణి కూర్చోలేక వెనక గోడకి ఆనుకుని నిలబడింది. తను రాసిన మొదటి మాటకి ఎవరూ నవ్వకపోతే ఎలాగని ఆమె బెంగ.

కనకయ్య తెర మీదికి వచ్చి నోరు విప్పాడు. హాలంతా ఒక్కసారిగా ఘొల్లున నవ్వింది. రోహిణి రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆఖరి భాగంలో స్నానశాలకి గ్యాస్ హీటర్ వస్తుంది. ఇక కనకయ్య మంటతో పని లేదు. ముసలమ్మ గూటి ముందు కూర్చుని చెబుతుంది: "నీకిక ఇక్కడ పని లేదు కనకయ్యా. ఎక్కడికైనా వెళ్లొచ్చు."

"పని లేకుంటే పోవాల్నా పెద్దమ్మా?" అన్నాడు కనకయ్య. "ఇన్నొద్దులు నవ్వాపుకొని ఉన్న. ఇగ ఈడ్నే కూసొని కడుపార నవ్వుత."

అని నవ్వాడు. కథ మొత్తంలో ఎవరూ అడ్డుకోని నవ్వు అదొక్కటే. భ్రమరాంబ నవ్వు అది; బుచ్చమ్మతో బర్రె ముచ్చట మళ్లీ చెప్పించి అవినాష్ మైకులో పట్టిన నవ్వు. తెరతో పాటు హాలంతా నవ్వింది. జ్యోత్స్న నవ్వుతూనే కళ్లు తుడుచుకుని తల్లి భుజం మీద తల పెట్టింది. రోహిణి గోడ వదిలి, కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుంటూ ముందుకు వచ్చి, తల్లి పక్కన నేల మీద కూలబడింది. "నువ్వు రాసిందేనా?" అని బుచ్చమ్మ అందరికీ వినబడేలా అడిగింది. "నువ్వు చెప్పిందే," అంది రోహిణి.

దీపాలు వెలిగాక ఎవరూ కదల్లేదు. మళ్లీ వెయ్యమని గోల. ఒక్కమాట, ఎదురుగా ఒక్కమాట చెప్పించమని ఇంకో గోల. భ్రమరాంబ చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని లేచి నిలబడింది. పరీక్ష హాల్లో పిల్లల్ని చూసినట్టు కళ్లజోడు పైనుంచి అందర్నీ ఒకసారి చూసింది. తర్వాత కనకయ్య గొంతుతో అంది:

"జర సప్పుడు జెయ్యకుండ కూసోన్రి. నాకు సిగ్గయితున్నది."

ఎవరూ చప్పుడు చెయ్యకుండా కూర్చోలేదు. అవినాష్ ఆఖరి భాగాన్ని మళ్లీ మొదటికి తిప్పాడు.