మెట్టతామర వేర్లు కోసే వేళ

నిన్న మనవరాలు కిటికీ అద్దాలను వెనిగర్‌తో తుడుస్తుంటే, ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగిలి చేతిలో పని వదిలేసి కూర్చుండిపోయాను. వసుంధర మేడం చేతులు ఎప్పుడూ అదే వాసన వేసేవి. ఆమె కాలేజీలో నాకు వృక్షశాస్త్రం నేర్పిన గురువు, గుంటూరు వైపు మనిషి. తోటల్లో పెంచే పూలమొక్కల క్రోమోజోములు లెక్కపెట్టడం ఆమె పరిశోధన. నా పరిశోధన కూడా ఆమె దగ్గరే మొదలైంది.

అరవైతొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. మేడం మొయినాబాద్‌లో తాను కిరాయికున్న ఇంటి పెరట్లోనే వెడల్పాటి ఆకుల మెట్టతామర పూలమొక్కల మడి వేసి, వరండాలో సూక్ష్మదర్శిని పెట్టారు. మా ఊరు చేవెళ్ల నుంచి బస్సులు నడవని రోజున మా అన్న దానియేలు నన్ను సైకిల్ మీద దింపేవాడు. వేరుకొనల్లో కణాలు పొద్దుటిపూట చురుగ్గా విభజన చెందుతాయి కాబట్టి ఎండ ముదరకముందే కోయాలి. వెనిగర్ వాసన వేసే ఆమ్లంలో కలిపిన రంగు పట్టించిన కొన మీద పల్చటి గాజుబిళ్ల పెట్టి బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కాలి. వేలు పక్కకు జరిగిందా, అంతా నుజ్జు. తర్వాత ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టేవాళ్లం. ఒకరి సంఖ్య ఒకరికి ముందే చెప్పకూడదు. రెండూ కలవకపోతే ఆ స్లైడు పారేయడమే. నాకు ఏడుపొచ్చేది, ఆమె మాత్రం నవ్వి ఇంకో వేరు కోసేవారు.

ఒక పొద్దున అన్న తన స్నేహితులతో పెరట్లోకి వచ్చాడు. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే దక్కాలి, స్థానికేతరులు వెళ్లిపోవాలి అని చెప్పడానికి వచ్చారు. ఆమె వెళ్తే నా చదువు అక్కడే ఆగిపోతుంది.

“జర మాట్లాడాలె మేడం,” అన్నాడు అన్న.

“మాట్లాడదాం బాబూ. వేర్లు కోసే వేళ దాటిపోతోంది, కాస్త కూర్చోండి.”

వాళ్లు కూర్చున్నారు. పని ముగించి ఆమె అన్నను సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

“సన్నపు పుల్లల లెక్క ఉన్నయి.”

“అవే క్రోమోజోములు. మామూలు మొక్కలో ఒక్కో రకానివి రెండేసి ఉంటాయి. ఈ పసుపు పూలదానిలో మూడేసి. అందుకే విత్తనం కట్టదు.”

“మరెట్ల బతుకుతది?”

“ఎవరో ఒకరు దుంప కోసి నాటాలి.”

అన్న లేచి తల దించుకున్నాడు. “మీ మీద కోపం లేదు మేడం. మాకు కొలువుల్లేవు, గంతే.”

“మీరడిగేది న్యాయమే,” అన్నారామె.

ఆమె వాదిస్తారనుకున్నాను. వాదించలేదు. కొన్నాళ్లకే రాజీనామా ఇచ్చి, ఆ ఖాళీకి నన్ను దరఖాస్తు పెట్టమన్నారు.

“మీరు పోతే నాకెవరున్నరు మేడం?” అని ఏడ్చాను.

“తోడు లెక్కపెట్టే మనిషిని వెతుక్కో. ఒక్కదానివే లెక్కపెట్టకు,” అన్నారు.

కాలేజీలు తెరిచాక ఆ ఉద్యోగం నాకే వచ్చింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు, అన్న ఒక్కడే సైకిల్ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. మావాళ్లు అడిగింది న్యాయం. ఆమె వెళ్లిపోవాల్సి రావడం అన్యాయం. ఈ రెండూ నిజమేనని ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. రిటైరయ్యేదాకా ఆమె కుర్చీలోనే కూర్చున్నాను. నా దగ్గర పనికి చేరిన ఏ పిల్లనూ నీది ఏ ఊరని అడగలేదు.