బయానా గుండు

మా అత్తకు దేవుళ్లతో బేరాలాడే అలవాటుంది. మా వైపు శనగల బేరం కుదిరితే వ్యాపారి రైతు చేతిలో కొంత బయానా పెట్టిపోతాడు. ఆ తరువాత ఇద్దరిలో ఎవరూ మాట తప్పరు. దేవుడి విషయంలోనూ అంతేనని ఆమె నమ్మకం. కోరిక తీరాక మొక్కు చెల్లించడం అందరూ చేసేదే. ముందుగానే చెల్లిస్తే దేవుడు మొహమాటంలో పడి పని చేసిపెడతాడట. ఈ తెలివితోనే ఆమె నా పదో తరగతిని దాదాపు ముంచినంత పని చేసింది.

నేను కోయిలకుంట్ల దగ్గర మా ఊరి అంగన్‌వాడీలో ఆయాను. అన్నం వండడం, గుడ్లు ఉడకబెట్టడం, పిల్లల ముక్కులు తుడవడం నా పని. పాటలు పాడించేది, అక్షరాలు దిద్దించేది టీచరమ్మ. ఆమె మరుసటి ఏడాది రిటైరవుతుందని తెలిసింది. పది పాసైన ఆయా ఉంటే ఆ ఉద్యోగం ఆయాకే ఇస్తారు, లేకపోతే బయటినుంచి ఎవరో వస్తారు. నాకు తొమ్మిదో తరగతిలో ఉండగానే పెళ్లి చేసేశారు. టీచరమ్మకు గొంతు బాగాలేని రోజు పిల్లలకు పాటలు చెప్పేది నేనే, వాళ్లు నా మాటే వింటారు కూడా. అయినా ఆమె కుర్చీలో మరెవరో కూర్చుంటారని తలచుకుంటే నాకు ఒళ్లు మండేది.

“ప్రైవేటుగా పది కట్టు. దేశమంతా ఒకటే ఓపెన్ స్కూలు ఉండాది, తెలుగులోనే రాయచ్చు” అని టీచరమ్మే దారి చూపింది. మా ఆయన సరేనన్నాడు. అత్త మాత్రం సరేనని ఊరుకోలేదు.

“టీచరమ్మ అత్తననిపించుకోకుండా నేను చావను. అహోబిలం పోయి ఇద్దరం గుండ్లిచ్చి, ఆన్నుంచి అట్లే పోయి పది కడదాం” అంది.

“ముందు కడదాం అత్తా, పాసయినాక గుండిద్దాం.”

“అప్పుడిస్తే స్వామికి మన మీద ఏం భయముంటాది? ముందే ఇయ్యల్ల.”

స్వామికి మన మీద భయమేమిటని అడిగాను. ఆమె అది వదిలేసి, స్వాతి నక్షత్రం నరసింహస్వామిదని, ఆ రోజు తప్ప ఇంకే రోజూ కుదరదని పట్టుబట్టింది. పంచాంగం చూస్తే స్వాతి సరిగ్గా అప్లికేషన్ల చివరి తేదీన పడింది. ఆమె దాన్ని శుభసూచకమంది. నేను పళ్లు నూరుకున్నాను.

మా వైపు ఆడవాళ్లకు గుండు కొత్త కాదు. పొద్దున్నే అహోబిలంలో జుట్టిచ్చి, తలలకు గంధం రాసుకుని, దర్శనం చేసుకుని, మధ్యాహ్నం ఎండకి కోయిలకుంట్లలో బస్సు దిగి నెట్ సెంటర్‌కు వెళ్లాం. సెంటర్ నడిపే అన్న మమ్మల్ని చూసి కుర్చీలు జరిపాడు.

“ఏం పెద్దమ్మా, అహోబిలమా?”

“అవునప్పా. పాపకు పది కట్టల్ల.”

ఆధార్ ఇచ్చాను, సబ్జెక్టులు చెప్పాను. లెక్కలు తప్పించుకుని హోమ్ సైన్సు తీసుకోవచ్చని ఆ అన్న చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అంతా బాగానే సాగుతోంది అనుకుంటుండగా ఆయన తలెత్తి నా గుండు వైపు చూశాడు.

“ఫోటో ఉండాదా అక్కా?”

ఫోటో సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు.

“ఇప్పుడు తియ్యన్నా.”

“తీస్తా. గానీ ఇదే ఫోటో హాల్ టికెట్ మీద వస్తాది. పరీక్షలు ఏప్రిల్‌లో. అప్పటికి నీకు జుట్టు వచ్చింటాది గదా. ఫోటోలో ముఖం, ఎదురుగా ముఖం ఒకటిగా లేకుంటే లోపలికి రానియ్యరు. జుట్టుండే పాత ఫోటో ఏదన్నా చూడు.”

నా ఫోను తీశాను. ఫోటోలు బోలెడున్నాయి. రోజూ అంగన్‌వాడీ గ్రూపులో పెట్టాలి కాబట్టి దిగినవే అన్నీ. ప్రతి దాంట్లోనూ ఎవడో ఒకడు నా చంకలో ఉన్నాడు. ఒకడు నా ముక్కు పట్టుకుని ఉన్నాడు. ఇంకొకడి గుడ్డు నా బుగ్గకు అంటుకుని ఉంది. మా ఆయనకు ఫోన్ చేస్తే ఆయన ఫోనులో ట్రాక్టర్ ఫోటోలే ఉన్నాయట, వెనక ఎక్కడో నా కొంగు కనిపిస్తోందట.

“కొంగుతో పది కట్టలేం గదా!” అని అరిచి పెట్టేశాను.

అత్త మొహం చిన్నబోయింది. గంధం ఆరి ఆమె నుదుటి మీదికి పొడిపొడిగా రాలుతోంది. “నేనే చెడగొట్టినానా పాపా?” అంది మెల్లగా. బస్సు దిగినప్పటినుంచి ఆమెను తిట్టడానికి నేను మాటలు కూర్చుకుంటున్నాను. ఆ గొంతు విన్నాక అవన్నీ పక్కన పెట్టేశాను. రేపటికి ఆగితే గడువుండదు. మళ్లీ అవకాశం వచ్చేసరికి ఆ కుర్చీలో ఎవరో కూర్చుని ఉంటారు.

“తియ్యన్నా, గుండుతోనే తియ్యి. ఏప్రిల్ సంగతి ఏప్రిల్‌లో చూసుకుందాం” అన్నాను.

కొంగు దించి గోడ ముందు నిలబడ్డాను. ఫోటోలో నేను మా నాయనలాగే ఉన్నాను. సాయంత్రానికి అప్లికేషన్ పోయింది. స్వామి మాట నిలబెట్టుకున్నాడని అత్త బస్సులో మళ్లీ గొంతు పెంచింది.

మర్నాటినుంచి పిల్లలు నన్ను గుండు ఆయా అన్నారు. వాళ్లను నిద్రపుచ్చి పాఠాలు చదువుకునేదాన్ని. అత్త ఇంటి పనంతా తనమీద వేసుకుని, నేను పుస్తకం మూసినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి నిలబడేది. అలా చూస్తూ నిలబడితే ఎవరికి మాత్రం చదువెక్కుతుంది, పొమ్మని కసిరేదాన్ని.

ఏప్రిల్ వచ్చేసరికి నా జుట్టు చెవులు దాటి ఒత్తుగా, ఉంగరాలు తిరిగి పెరిగింది. పుట్టి బుద్ధెరిగాక అంత మంచి జుట్టు నాకెప్పుడూ లేదు. మా ఆయన సినిమా హీరోయిన్‌వంటూ ఎగతాళి చేసేవాడు గానీ, చూపు తిప్పుకునేవాడు కాదు. హాల్ టికెట్ వచ్చింది. దాని మీద మా నాయన ఉన్నాడు. అద్దంలో నేనున్నాను. ఇద్దరికీ ఏ పోలికా లేదు. అలాగే వెళ్లి బతిమాలుకోవచ్చు. గుమ్మం దగ్గర వెనక్కి పంపితే?

పరీక్ష సెంటర్ నంద్యాలలో పడింది. ముందు రోజే అత్తా నేనూ బయలుదేరి మహానంది వెళ్లాం. మంగలి ముందు కూర్చున్నాక కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఉంగరాలన్నీ ఒళ్లో పడ్డాయి. కళ్లు తెరిచి చూస్తే పక్క పీట మీద అత్త, సగం గుండుతో.

“నీకెందుకత్తా? నీకు హాల్ టికెట్ ల్యాదు గదా!”

“నువ్వొక్కదానివే గుండుతో పోతే అందురూ నిన్నే చూస్తారు. ఇద్దరముంటే మొక్కులే అనుకుంటారు.”

నాకు ఏడుపొచ్చింది. ఎండాకాలపు చెమటలో అది ఎవరికీ కనపడలేదనుకుంటా. కోనేట్లో దిగి ఇద్దరం చల్లటి నీళ్లలో మెడలదాకా కూర్చున్నాం. అత్తకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది.

“బయానా నరసింహస్వామికిచ్చి, మిగిలింది శివయ్యకిచ్చినాం. తప్పేమో పాపా?”

“ఇద్దరూ నల్లమల వాళ్లే గదా. వాళ్లలో వాళ్లు సర్దుకుంటార్లే.”

ఆ మాట ఆమెకు నచ్చింది. మర్నాడు పరీక్ష సెంటర్ గేటు దాకా వచ్చి, నన్ను లోపలికి పంపి, గోడ నీడలో కూర్చుంది. హాల్లో ఇన్విజిలేటర్ మేడమ్ నా ముందు బెంచీ అమ్మాయిని కళ్లద్దాల గురించి, జడ గురించి నానా ప్రశ్నలు వేసి నా దగ్గరికొచ్చింది. హాల్ టికెట్ చూసింది, నన్ను చూసింది.

“మీరొక్కరే అమ్మా, అచ్చం ఫోటోలో ఉన్నట్టు వచ్చినారు” అని సంతకం పెట్టేసింది.

పాసయ్యాను. మార్కులు చెప్పుకునేటంత లేవు, హోమ్ సైన్సు తప్ప. టీచరమ్మ రిటైరైన నెలలోనే ఆర్డరు చేతికొచ్చింది. ఇప్పుడు నా జడ నడుం దాకా ఉంది, పూలు కూడా పెట్టుకుంటాను. పిల్లలకు అవేమీ కనిపించవు. పెద్ద పిల్లలు బడికి పోతూ చిన్నవాళ్లకు నా పాత పేరు అప్పగించి పోతున్నారు. మొన్న కొత్తగా చేరిన పాప గుమ్మంలో నిలబడి “గుండు టీచర్!” అని పిలిచింది. కూరగాయలిచ్చే వంకతో వచ్చిన మా అత్త నాకంటే ముందు “ఓయ్!” అని పలికింది.