మా వీధి రెండో మలుపు

కొత్త కొత్త దేశాల్లో, ఊరి వీధుల్లోనే కార్ల రేసులు పెట్టొచ్చా అని ఈ సాయంత్రం టీవీలో చర్చ వస్తోంది. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి ఎగిరి గంతేశాడు.

"పెట్టాల్సిందే మా! మన కడపలో గూడా పెట్టొచ్చు. దావ నేను గీసినా, చూడు."

నోట్‌బుక్ చివరి పేజీలో మా గేటు నుంచి బయల్దేరి మళ్లీ మా గేటుకే వచ్చే దారి ఉంది. రెండో మలుపు దగ్గర 'అవ్వ బండ' అని రాశాడు. కాలువ మీద పరిచిన ఆ కడప బండ మీదే మా అత్తగారు రోజూ గాలికి కూర్చుంటారు. నవ్వబోయాను. దాని పక్కనే పద్నాలుగు కొట్టేసి, పన్నెండు కొట్టేసి, 'పదకొండు సెకన్లు' అని ఉంది.

"ఈ టైము ఎవరు చూసినార్రా?" అడిగాను.

"మేమే మా, బైకుల మీద. అవ్వ ఉంటే హారన్ కొడ్తాం లే. కాళ్లు పైకి తీసుకుంటాది."

వీధిలోకి పరుగెత్తాను. ఎక్కడా బండి చప్పుడు లేదు. అయినా ఆవిడ బండ మీద కాళ్లు ముడుచుకునే కూర్చున్నారు.

బైకు తాళాలు ఇప్పుడు నా కొంగున ఉన్నాయి. మన ఊళ్లకు రేసులు కొత్తగా రావాలంటారా? మీరే చెప్పండి.