ముందు ఎదుటోని మాట

నీ మీద దావా వేసినోని బాధను, వాడు విని "అవును, ఇదే నా మాట" అనేటట్టు నువ్వు చెప్పగలవా? నేను చెప్పలేకపోయిన. నా చేత చెప్పించిన గుమాస్తాగారు మొన్న మంగళవారం పోయిండు. ఆ కబురు తెచ్చి నా తలుపు కొట్టింది మా తమ్ముడు. ఒకప్పుడు ఆరేండ్లు నా మొఖం చూడని తమ్ముడు.

మాదన్నపేటల మా ఇంటికి రెండు వాటాలు, బయటికి ఒకటే సందు. ప్రార్థనకొచ్చేటోళ్లు కూర్చోవాలని ఆ సందుల నేను అరుగు కట్టిన. తమ్ముని కూరగాయల బండికి తోవ లేకుండయింది. కోర్టుకెక్కిండు. నేను పాస్టర్ని. ఆదివారం క్షమాపణ మీద గొంతు చించుకొని, సోమవారం వకీలు దగ్గరికి పోయేటోన్ని.

గుమాస్తాగారు కోస్తా మనిషి, కోర్టు పనిల తల నెరిసినోడు. రిటైరైనంక మా గల్లీల ఉండేటోడు. ఇద్దరూ ఒప్పుకొని కాయితం రాసిస్తే కోర్టే తగువును మధ్యవర్తికి అప్పగిస్తదని చెప్పింది ఆయనే. మధ్యవర్తిగ మేం ఆయన పేరే రాసినం. సంతకాలు కానిదే తగువుకు కూర్చోడు. "నోటి ఒప్పందం తెల్లారేసరికి ఎండిపోతుందండీ" అనేటోడు.

తన వరండల చాప పరిచి మమ్ముల ఎదురెదురుగ కూర్చోబెట్టిండు. "ముందు మీ తమ్ముడి మాట మీరు చెప్పండి" అన్నడు. నేను బైబిలు తెరిచి, కోపం గురించి అందుకున్న.

"ప్రసంగం ఆదివారం వింటానండీ. బండి సంగతి చెప్పండి."

"వానికి నేనంటే అసూయ."

"అసూయ గాదన్నా, అరుగు!" అన్నడు తమ్ముడు.

ఇగ అడగక తప్పలేదు. "బండి మరి యాడ పెడ్తున్నవ్‌రా?"

"మార్కెట్లనే. ఇంటికాడి గంపలు నీ మరదలు నెత్తిన మోస్తది. మొన్న నీ అరుగెక్కి దిగుతుంటే పడ్డది. మోకాలు వాసింది."

నడుమ ఒక్క గోడ. నాకు తెల్వదు. లోకానికంత వాక్యం చెప్పేటోన్ని, నాకు తెల్వదు. "నా అరుగు వల్ల నా మరదలు పడ్డది" అన్న, తల వంచుకొని.

"గదే నా మాట" అన్నడు తమ్ముడు.

అరుగు సగం కొట్టాలె, ఆదివారం ప్రార్థన అయ్యేదాంక బండి కదలొద్దు. ఇది తీర్పు. స్టాంపు కాయితం మీద రాయలేదని కోర్టు దాన్ని వాపసిచ్చింది. "అందరి స్టాంపులూ చూసినవాణ్ని, నాదే మరిచాను" అని ఆయన పకపక నవ్విండు. మల్ల చాప పరిచి, మల్ల ఒకరి మాట ఒకరితోని చెప్పించినంకనే సంతకాలు తీసుకున్నడు.

ఈ మధ్య లోక్ అదాలత్‌లని కొత్తగ పెడుతున్నరు, ఒక్కరోజుల రాజీ అయితదట. పేపర్ల చదివి ఆయనకు చెప్పిన. "మంచిదేనండీ. ముందు ఎవరి మాట చెప్పిస్తారట?" అని అడిగిండు. అంతే.

ఆయన్ను సాగనంపే రోజు తమ్ముడు కూరగాయలు పెట్టలేదు. బండి కడిగి, నిండ బంతిపూలు పోసుకొని, సగం కొట్టిన అరుగు పక్క నుంచి తోసుకుంట వచ్చిండు. చక్రం యాడా తగలలేదు. ఆయన వరండల చాప చుట్టి గోడకానించి ఉన్నది.

నీ కోసం దాన్ని పరిచేందుకు ఆయన ఇగ రాడు. రేపటికి ఆపకు. ఇయ్యాలనే, పొద్దు గుంకకముందే, పోయి వాని తలుపు కొట్టు. నీ మాట తర్వాత. ముందు వాని మాట చెప్పు.