కంప్యూటరు గది ముందు ఊదారంగు నీళ్ళు

మొన్న ఆదివారం మా బావగారు, అంటే మా అక్క భర్త, రాజమండ్రిలో మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగి, జేబులోంచి పెన్‌డ్రైవ్ ఒకటి తీసి, అందులో కాశీయాత్ర ఫోటోలున్నాయని, నా కంప్యూటర్లో పెట్టి పెద్దగా చూపించమని అడిగారు. పెట్టీ పెట్టగానే తెర మీద చిన్న గడి ఒకటి లేచి, కొత్త పరికరం వచ్చింది, తెరిచే ముందు పరీక్షించమంటారా అని శుభ్రంగా తెలుగులో అడిగింది. అవునని నొక్కడానికి ఎంతసేపు పట్టాలి చెప్పండి! నా వేలు మాత్రం అక్కడే ఆగిపోయింది. ఎదురుగా బావగారు కూర్చున్నారు, ఆయన తెచ్చిన వస్తువుని ఆయన కళ్ళముందే అనుమానించడమా అని, యాభై దాటినా వదలని నా పాత మొహమాటం మళ్ళీ లేచి కూర్చుంది. ఆ మొహమాటం ఒకప్పుడు ఎంత పని చేసిందో ఆయనకి తెలియదు. మీకు మాత్రం చెబుతాను.

అవి ఫ్లాపీల రోజులు. నల్లటి పలకల్లా ఉండే ఆ ఫ్లాపీలు మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటాయి, లేబులు మీద పెన్సిలుతో రాసుకుని, రబ్బరుబ్యాండు వేసి దాచుకునేవాళ్ళం. నేను డిగ్రీ పూర్తి చేసి, ఆర్నెల్ల కంప్యూటరు కోర్సు ఒకటి వెలగబెట్టి, భీమవరం దగ్గర మా బాబాయి నడిపే ల్యాబులో పనికి చేరాను. రొయ్యల రైతులు సీసాల్లో తమ చెరువు నీళ్ళు పట్టుకొస్తే పరీక్ష చేసి, ఉప్పదనం ఎంతుందో, ఏ మందు చల్లాలో చెప్పే ల్యాబు అది. ఏ చెరువు నీళ్ళు ఏ నెలలో ఎలా ఉన్నాయో, జబ్బు ఎప్పుడు తగిలిందో బాబాయి ఏళ్ళ తరబడి నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకున్నాడు. రైతులు చెరువులో రొయ్యపిల్ల వదిలే ముందు వచ్చి, నిరుడు ఈ రోజుల్లో మా చెరువు ఎలా ఉందండీ అని అడిగి, ఆయన చెప్పిన మాటని బట్టి కదిలేవారు. ఆ పుస్తకాలకి చెదలు పట్టడం మొదలయ్యాకే, నా పోరు పడలేక, బాబాయి కంప్యూటరు కొన్నాడు. పుస్తకాలన్నీ అందులోకి ఎక్కించడానికి నాకు ఏడాది పట్టింది. చెదలు తిన్న పుస్తకాల్ని ఆ తర్వాత పారేశాం.

ఆ రోజుల్లో మా వైపు వైరస్ అన్న మాట వింటే పెద్దపెద్ద రైతులకి కూడా ముఖంలో నెత్తురు ఉండేది కాదు. రొయ్యలకి తెల్లమచ్చలు వేసి రెండు మూడు రోజుల్లో చెరువు చెరువంతా తుడిచిపెట్టుకుపోయేది. అందుకని ల్యాబు గుమ్మం ముందు సిమెంటు తొట్టె కట్టించి, పొటాషియం పర్మాంగనేటు కలిపిన ఊదారంగు నీళ్ళు పోయించాడు బాబాయి. ఎవరొచ్చినా అందులో కాళ్ళు ముంచి రావలసిందే. ఇక రైతులందరికీ ఆయన పదేపదే చెప్పే మాట ఒకటుండేది, ఒక చెరువులో తడిసిన వలని ఎండబెట్టకుండా ఇంకో చెరువులో దింపొద్దని.

కంప్యూటరు బిగించడానికి భీమవరం నుంచి వచ్చిన మెకానిక్కు, వెళ్ళేముందు, వైరస్ రాకుండా చూసుకోండి సార్ అని ఒక్క మాట అన్నాడు. బాబాయి ముఖం పాలిపోయింది. "దీనికి కూడా వస్తుందా అండీ?" అన్నాడు. వస్తుందన్నాడతను. అంతే, మర్నాడు నేను వచ్చేసరికి కంప్యూటరు గది ముందు కూడా ఓ ప్లాస్టిక్ టబ్బు, అందులో ఊదారంగు నీళ్ళు! ఈ వైరస్ వేరు బాబాయ్ అని మొత్తుకున్నాను, వైరస్ ఏదైనా వైరస్సేనమ్మా అని కొట్టిపారేశాడు. నవ్వుకుని ఊరుకున్నాను. ఆ టబ్బు వల్ల నాకో మేలు కూడా జరిగింది లెండి, గదిలోకి అడ్డమైనవాళ్ళూ రావడం మానేశారు. రోజూ పొద్దున్నే కంప్యూటరు మీది గుడ్డ ముసుగు తీసి, కీల సందుల్లో దుమ్ము బ్రష్షుతో దులిపి, శనివారం శనివారం మొత్తం ఫ్లాపీల్లోకి కాపీ తీసి బిస్కెట్ల డబ్బాలో పెట్టేదాన్ని. మొదట్లో తీసేదాన్ని అనడం నిజం. తర్వాత ఈ వారం కాకపోతే వచ్చే వారం అనుకుంటూ నాలుగు నెలలు వదిలేశాను.

అప్పుడే మా అక్క పెళ్ళయింది. కొత్తల్లుడికి మా వైపు జరిగే మర్యాదలు మీకు వేరే చెప్పాలా? ఒకరోజు బావగారు బూట్లతో టకటకలాడుతూ ల్యాబుకి వచ్చారు. రైతులందరూ వంగి వంగి కాళ్ళు ముంచుకునే తొట్టెని ఆయన ఒక్క అంగలో దాటారు. అల్లుడుగారిని కాళ్ళు కడుక్కోమనే మగాడెవడూ ల్యాబులో లేడు. ఆయన చెల్లెలి శుభలేఖ ఫ్లాపీలో ఉందట, పక్క ఊళ్ళో టైపు చేయించారట, ఓ కాపీ తీసి చూపించాలట. బయటి ఫ్లాపీ పెట్టకూడదని, పెడితే ముందు తనిఖీ చేయాలని నాకు బాగా తెలుసు, తనిఖీ చేసే ప్రోగ్రాము కూడా నా దగ్గరుంది. కానీ ఆయన పక్కన నిలబడి చూస్తుంటే, మీరు తెచ్చినది శుభ్రంగా ఉందో లేదో చూస్తానండీ అని ఏ నోటితో అనను? నవ్వుతూ పెట్టేశాను. శుభలేఖ చక్కగా వచ్చింది. ఆయన సంతోషించారు.

మర్నాడు పొద్దున కంప్యూటరు తెరుచుకోలేదు. నల్లటి తెర మీద పిచ్చిపిచ్చి అక్షరాలు. బిస్కెట్ల డబ్బా తెరిచి ఫ్లాపీల మీద తారీఖులు చూసుకున్నాను. నాలుగు నెలల పరీక్షలు, అవీ సరిగ్గా వానాకాలానివి, రైతులకి అన్నిటికంటే కావలసినవి, ఇంకెక్కడా లేవు.

పక్క చెరువు కౌలుకి చేసే తాత ఒకాయన ఉండేవాడు. ఆ వారమే ఆయన చెరువుకి వైరస్ తగిలింది. బావగారు వచ్చిన రోజునే ఆయన కూడా వచ్చి, టబ్బులో రెండు కాళ్ళూ పద్ధతిగా ముంచి, తెర మీద అంకెల్ని వేలితో తాకి "ఇదేనా అమ్మా నా చెరువు?" అని అడిగాడు. ల్యాబులో అందరికీ అదే గుర్తొచ్చింది. జబ్బు చెరువులోంచి వచ్చిన చెయ్యి, కంప్యూటరు మీద పెట్టాడు, ఇంకేముంది! బాబాయి మెత్తనివాడు కాబట్టి గట్టిగా ఏమీ అనలేదు. "నాలుగ్రోజులు గేటు బయటే ఉండండి పెద్దాయనా, ఏమనుకోకండేం" అన్నాడు. ఆయన ఏమీ అనుకోనట్టే తలూపి వెళ్ళిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. అది రొయ్యల వైరస్ కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కానీ నోరు విప్పితే బావగారి పేరు బయటికొస్తుంది, అక్క కాపురానికి కొత్త, అమ్మ నన్ను చంపేస్తుంది. మూడోనాడు మెకానిక్కు వచ్చి, బయటి ఫ్లాపీ ఏమైనా పెట్టారా మేడమ్ అని అడిగినప్పుడు కూడా, లేదండీ అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

నాలుగోరోజు మిట్టమధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే, గేటు బయట ఎండలో ఆ తాత నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. తన చెయ్యి తగలకుండా సీసాకి కండువా చుట్టి, గేటు మీంచి మావాళ్ళకి అందిస్తున్నాడు. ఇంక నావల్ల కాలేదు. నేరుగా బాబాయి దగ్గరికి పోయి, ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన మంచినీళ్ళ గ్లాసు అందించాడు. నా ఏడుపు ఆగాక, తన మొట్టమొదటి చెరువు ఎందుకు పోయిందో తెలుసా అని అడిగాడు. రాత బాగోక పోయిందని ఊరంతా అనేది, మేమూ అదే అనుకున్నాం. "మీ నాన్న మా వల అడిగి తీసుకెళ్ళాడే. తిరిగిచ్చాక ఎండబెట్టాలని నాకు తెలుసు. కానీ ఎదురుగా అన్నయ్య నిలబడ్డాడు. ఎండేస్తే వాడి చెరువుని అనుమానించినట్టుంటుందని తడివల అలాగే దింపేశాను. ఇప్పటిదాకా వాడికి చెప్పలేదు, నువ్వూ చెప్పకు." మళ్ళీ ఆయనే లేచి, "అల్లుడుగారికి కూడా చెప్పొద్దు. పెద్దాయనకి మాత్రం నువ్వే చెప్పాలి, పద" అన్నాడు.

చెరువు గట్టు మీద తాటాకుల పాకలో ఉండేవాడు ఆ తాత. తప్పు నాదేనని, మీ చేతి వల్ల ఏమీ కాలేదని, తల దించుకుని చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన ముందు నమ్మలేదు, బాబాయి వంక చూశాడు, తర్వాత కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అయితే నా వల్ల కాదన్నమాట. చెరువు ఎలాగూ పోయింది, మీ ల్యాబుని కూడా చెడగొట్టానని నాలుగ్రోజుల్నించి అన్నం సయించట్లేదమ్మా" అన్నాడు. పోయిన నా అంకెల సంగతి తెలిసి, పాక గుంజకి వేలాడుతున్న క్యాలెండరు తీసి నా చేతిలో పెట్టాడు. మేము నోటితో చెప్పిన అంకెలన్నీ ఏ తారీఖువి ఆ గడిలో, తిథి నక్షత్రాల పక్కన, బొగ్గుముక్కతోనూ పెన్సిలుతోనూ రాసి ఉన్నాయి! రైతులంతా అలాగే రాసుకుంటారట, నాకే తెలియదు. తాతే చెరువు చెరువుకీ తిరిగి, అవి తెచ్చిమ్మని చెప్పాడు. వారంలోగా కంప్యూటరు గది నిండా క్యాలెండర్లు, దేవుళ్ళ బొమ్మలవీ ఎరువుల కొట్లవీ. నెలరోజులు కూర్చుని అన్నీ మళ్ళీ ఎక్కించాను.

ఆ తర్వాత ఏ శనివారమూ కాపీ తప్పలేదు. ఒక డబ్బా ల్యాబులో, ఒకటి బాబాయి ఇంట్లో. ఎవరు ఫ్లాపీ తెచ్చినా బాబాయి ముందుగదిలోంచే, వల ఎండబెట్టావా అమ్మా అని కేకేసేవాడు. నేను తనిఖీ చేసి, ఎండింది బాబాయ్ అనేదాన్ని. టబ్బు మాత్రం తీయించలేదు, ఉంటే పోయేదేముందన్నాడు. బాబాయీ లేడు, తాతా లేడు, ఆ ల్యాబు ఉన్న చోట ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ వచ్చింది.

మొన్న తెర మీద అవునని నొక్కాను. ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతుంటే, ఏంటమ్మా అది, ఇంతసేపు అన్నారు బావగారు. కాళ్ళు కడుక్కుంటోందండి అన్నాను. ఆయనకి అర్థం కాకపోయినా గట్టిగా నవ్వారు. ఇవాళ అడగవలసిన మాటని కంప్యూటరే అడిగేస్తోంది, దానికి అల్లుడనీ అన్నయ్యనీ లేదు, ఎవరూ నొచ్చుకోవడమూ లేదు. ఎంత హాయి! మా కాలంలో ఆ ఒక్క మాట మనిషే మనిషిని అడగాల్సివచ్చేది, అడగలేకనే అంత నష్టపోయాం. పోయిన అంకెలన్నీ క్యాలెండర్లలో దొరికాయి. ఆ తాత కండువా చుట్టిన సీసాతో ఎండలో నిలబడ్డ ఆ నాలుగు రోజులు మాత్రం ఎక్కడా దొరకవు, నా గుండెలోంచి పోవు కూడా. బావగారికి మాత్రం మీరు చెప్పకండేం.