అత్తగారు వేసిన ఓటు

మా టీములో ఎవరు కొత్త కోడ్ రాసినా, అసలు కోడ్‌లో కలిపే ముందు అది మా టెస్టరు చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. ప్రతి స్క్రీనూ తెరిచి, ప్రతి బటనూ నొక్కి, ఆమె సరేనంటేనే గడప దాటి లోపలికి. అందుకే అత్తగారని పేరు పెట్టాం. ఆ పేరు విని ఆమె కోప్పడలేదు, నవ్వనూ లేదు. కిటికీ పక్క కుర్చీలో తన పని తను చేసుకునేది.

పేరుకి ఆటోమేటిక్ టెస్టులూ ఉన్నాయి. కోడ్‌లో తప్పు లేకపోయినా ఊరికే ఫెయిలై ఎర్రగా చూపిస్తాయి. ఎందుకని మేం చూడం. పచ్చగా మారేదాకా మళ్ళీ మళ్ళీ రన్ చేస్తాం. అలా ఒకసారి నిజమైన తప్పునే బయటికి వదిలేశాం. లాగిన్ కాలేక కస్టమర్లు లబోదిబోమన్నారు. ఆ వారం ఆమె సెలవులో ఉంది, భర్తకు వెన్ను ఆపరేషన్. అప్పట్నుంచీ ఆయన మంచం మీదే. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోందని మాకందరికీ తెలుసు.

ఆ గొడవ తర్వాత మేనేజరు మీటింగు పెట్టాడు. బోర్డు మీద రెండే రాశాడు. ఒకటి, ఊరికే ఫెయిలయ్యే టెస్టుల్ని బాగుచేయడం. రెండోది, ఆమె చేత్తో చేసే పరీక్షలన్నీ మిషనుకు అప్పగించడం.

"రెండూ ఒకేసారి మనవల్ల కాదు. ముందు ఏది చేద్దాం?"

రెండోది చేస్తే ఇక ఆమె కుర్చీతో పనుండదు. అందరం మొదటిదానికే చేతులెత్తాం. పెద్ద మర్యాదస్తులం కదా!

"అది తర్వాత చూద్దురుగాని," అందామె. "మీ పని ఎక్కువగా ఆగేది నా దగ్గరే. నేను లేనప్పుడు ఏమైందో చూశారుగా. ముందు రెండోది చేయండి."

టీ చల్లారిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మరి ఆ తర్వాత మీకు..."

"మీరడిగింది ముందు ఏది చేయాలనేగా."

అతను రెండోదాని కింద గీత గీశాడు. నాకు ఏడుపో కోపమో రావాలి. ఏదీ రాలేదు. మొద్దుబారిపోయి ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం లిఫ్టు దగ్గర ఆమె ఫోను మోగింది. భర్త. ఆయన గొంతు పక్కనున్న నాకూ వినబడింది.

"మీటింగులో ఏం తేల్చారు?"

"నేను చెప్పిందే ఒప్పుకున్నారండీ."

"చూశావా! నీ మాటంటే వాళ్ళకెంత గురో!" ఆయన గొంతులో సంబరం.

"అవునండీ," అందామె.