కోడె తల్లిని చూశానని చెప్పిన రోజు

పామర్రు అవతల ఒక పెద్ద రైతు కొట్టంలో మంచి కోడె ఉందన్న కబురు నా చిన్నప్పుడు మా ఇంటికి మొదట తెచ్చింది మా పక్కింటి అక్క. ఆమె పుట్టిల్లు ఆ పక్క ఊరే. బస్సు దిగి, చేతిలో సంచి ఇంకా కింద పెట్టకుండానే మా పెరటి గుమ్మంలో నిలబడి, "మామ్మగారూ, దాన్ని చూస్తే కళ్ళు తిప్పుకోలేమండీ. బండలాగుడు పందేలకని మేపుతున్నారంట. తాతగారి పేరు మీద వదలాలంటే అట్టాంటిదే వదలాలి" అంది. మా నాయనమ్మ మీద ప్రేమకొద్దీ చెప్పిన మాటే అది. అక్కను నేను ఎన్నడూ తప్పుపట్టలేదు.

అప్పటికి మా తాతయ్య పోయి పది నెలలైంది. సంవత్సరీకాల నాడు ఆయన పేరు మీద ఒక కోడెను ముద్ర వేసి ఊరికి వదలాలని మా నాన్న మొక్కుకున్నాడు. మా వైపు అదొక పుణ్యకార్యం. అలా వదిలిన కోడె ఊరి ఆబోతవుతుంది. ఏ చేలో మేసినా ఎవరూ కొట్టరు. దాన్ని మళ్ళీ కట్టెయ్యకూడదు, అమ్మకూడదు, నాగలికి పూన్చకూడదు. సూదులతో ఆవులను చూడి కట్టించడం మా ఊరికి ఇంకా రాలేదు. ఊళ్ళో ఉన్న ముసలి ఆబోతు ఆ వేసవిలోనే చచ్చిపోయింది. కాబట్టి మా నాన్న ఏ కోడెను వదిలితే, ఊళ్ళోని ఆవులన్నీ పదేళ్ళపాటు దాని దూడలనే కనాలి. మంచైనా చెడైనా అది తాతయ్య పేరు మీదే చెల్లుతుంది.

మా నాయనమ్మ ఆ ఏడాదంతా గడప దాటకూడదు. పైగా కళ్ళలో పువ్వులు పడి చూపు ఆనేది కాదు. నేను బడికి వెళ్ళలేదు. ఆవిడే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది, ఆవిడ కోసమే రోజూ సాయంత్రం పురాణం చదివేదాన్ని. అందుకని బయట ఏం జరిగినా నేను చూసి వచ్చి చెప్పాలి. "నాకు కళ్ళు దానివే" అని వచ్చిన వాళ్ళందరితో చెప్పుకొనేది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ మాట ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెప్పలేను.

మా ఎడ్లకు నాడాలు కొట్టడానికి కంకిపాడు వైపు నుంచి ఒక సాయిబు తాత సైకిల్ మీద వచ్చేవాడు. ఎద్దును పడుకోబెట్టి, కాళ్ళు కట్టి, నోట్లో మేకులు పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టేవాడు. మేకు వంకరపోతే దాన్నే తిట్టేవాడు. నలభై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ప్రతి పశువు గిట్టనూ చేత్తో పట్టుకున్న మనిషి. పామర్రు వెళ్ళి కోడె కాళ్ళు చూసి చెప్పమని మా నాన్న ఆయనను పిలిచాడు.

వచ్చిన రోజు పొద్దున్నే సాయిబు తాత నన్ను కాలవ గట్టుకు తీసుకెళ్ళాడు. మా ఇంట్లో ఒక ముసలావు ఉండేది. పదకొండు ఈతలు ఈనింది. దాని వెనక మేత మేస్తూ దాని కోడెదూడ, రెండేళ్ళది, చూడ్డానికి ఏ ప్రత్యేకతా లేనిది. తాత ఆ ముసలావును తడి రేగడిలో నాలుగడుగులు నడిపించి నన్ను వంగి చూడమన్నాడు. వెనక గిట్ట సరిగ్గా ముందు గిట్ట జాడలోనే పడింది. ఒక్కచోట కూడా పక్కకు పోలేదు. "పదకొండు కాన్పులయ్యాక కూడా ఇట్టా నడుస్తుందంటే, దీని కూతుళ్ళు కూడా ఈ బురదలో ముసలయ్యేదాకా తిరుగుతాయి పాపా" అన్నాడు. పొదుగు ఇంకా పొట్టకు అతుక్కునే ఉందని, చన్నులు పొట్టిగా, దూడ నోటికి అందేలా ఉన్నాయని చూపించాడు. మంచి ఆవులు కావాలనుకునేవాడు ఆబోతు కండను కాదు, దాని తల్లిని చూడాలని, అది ఎన్ని ఈతలు ఈనిందో అడగాలని చెప్పాడు. తర్వాత పక్కన ఉమ్మేసి, "మీ నాన్నగారు పెళ్ళికొడుకును చూట్టానికి పోతున్నారు. అత్తగారిని చూడరంట!" అని నవ్వాడు.

మరి మన కోడెదూడనే వదలొచ్చు కదా అని నేను నాన్నను అడిగాను. ఇంట్లో ఉన్నదాన్నే వదిలి చేతులు దులుపుకున్నారని ఊరంతా అంటుందని నాన్న కసిరాడు. నాయనమ్మ మాత్రం నన్ను దగ్గరకు పిలిచి, "వెళ్ళి దాని తల్లిని చూసిరా అమ్మా. తల్లిని చూశానని నువ్వు చెప్తేనే ఒప్పుకుంటా" అంది. అప్పటికి మా కొట్టంలో నా పెయ్య ఒకటి ఉంది. పుట్టిన రోజు నుంచీ నా చేతి మేతే తిన్నది. కొత్త ఆబోతుకు మొదట చూడి కట్టబోయేది అదేనని నాకు తెలుసు.

ఆ కోడెను చూడగానే నేనూ మైమరిచిపోయాను. నిజం ఒప్పుకోవాలి. తెల్లగా, ఉలవలూ పత్తిగింజలూ తిని నిగనిగలాడుతూ, వెనక తొడలు రెండు గాదెల్లా ఉన్నాయి. కింద పొడి ఇసుక పరిచి నిలబెట్టారు. ఆ ఇంటావిడ నా చేతిలో సున్నుండ పెట్టింది. మా నాన్న దాని మూపురం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

సాయిబు తాత ఒక్కటే అడిగాడు. "దీని తల్లి ఏదండీ?"

"సంతకి తోలేశాం" అన్నాడు ఆ రైతు.

"ఎన్ని ఈతలకండీ?"

"రెండు."

"రెండేనా!"

"నాడాలు కొట్టుకునేవాడికి దాని తల్లీ చెల్లీ ఎందుకయ్యా? సంబంధం కలుపుకుంటావా ఏంటి?" అన్నాడు రైతు. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. సాయిబు తాత నవ్వలేదు. కాస్త తడి నేల మీద నడిపించి చూద్దామండీ అని అడిగాడు. ఇప్పుడే కడిగాం, కాళ్ళు పాడవుతాయన్నారు.

తిరుగు దారిలో బండిలో నాన్న నన్ను దగ్గరకు తీసుకున్నాడు. "నాయనమ్మ అడిగితే తల్లిని చూశామని చెప్పమ్మా. నీ మాటంటే ఆవిడకి గురి. ఇంత మంచి కోడెను వదులుకుంటే తాతయ్యకు అన్యాయం చేసినట్టు" అన్నాడు. అప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. తండ్రి మీద దుఃఖం ఆయన చేత అలా అనిపించింది తప్ప వేరే చెడు లేదు. బండి వెనక కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న సాయిబు తాత అన్నీ విన్నాడు.

ఇంటికి రాగానే నాయనమ్మ అడిగింది. చూశానన్నాను. ఎలా ఉందంటే మా ముసలావు పోలికలన్నీ చెప్పాను. పొదుగు పొట్టకు అతుక్కుని ఉందన్నాను. చన్నులు పొట్టివన్నాను. ఎన్ని ఈతలంటే, ఎనిమిదన్నాను. పొద్దున్న గట్టు మీద నేర్చుకున్న పాఠమంతా ఆ అబద్ధానికి పనికొచ్చింది. నాయనమ్మ నా తల నిమిరి, దేవుడి గదివైపు తిరిగి దణ్ణం పెట్టింది. అరుగు మీద మజ్జిగ తాగుతున్న సాయిబు తాత గ్లాసు కింద పెట్టి సైకిలెక్కాడు.

సంవత్సరీకాలు ఘనంగా జరిగాయి. పసుపు రాసి, దండ వేసి, ముద్ర వేసి కోడెను వదిలారు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. మరుసటి ఏడు ఈతలు మొదలయ్యాయి. నాలుగైదు కాన్పులు చూసిన ఆవులు ఎలాగో తట్టుకున్నాయి. తొలిచూలు పెయ్యలకు మాత్రం దూడలు అడ్డం పడ్డంత పనయ్యేది. తల వచ్చాక, ఆ కోడె పోలిక పడిన పెద్ద భుజాలు రావు. వారం తిరక్కుండా రెండిళ్ళలో పెయ్యలు పోయాయి.

నా పెయ్యకు ఒకరోజు మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. నాన్న పశువుల డాక్టరు కోసం వెళ్ళాడు. నాడాలు కొట్టడానికి వచ్చిన సాయిబు తాత మా వసారాలో ఉన్నాడు. చేతులకు ఆముదం రాసుకుని, దూడ ముంగాళ్ళకు మెత్తని తాడు కట్టి, పెయ్య ముక్కినప్పుడల్లా కొద్దికొద్దిగా లాగాడు. దాని తల నా ఒళ్ళో ఉంది. దూడ చచ్చి బయటపడింది. నెల దూడంత ఉంది. పెయ్య మాత్రం లేవలేకపోయింది. వెనక కాళ్ళలో పట్టు పోయింది. డాక్టరు వచ్చి సూదులు వేసి, లోపల నరం నలిగిందన్నాడు. తొమ్మిది రోజులు సాయిబు తాత పొద్దునా సాయంత్రం కంకిపాడు నుంచి వచ్చి, గోనెపట్టా కింద నుంచి వేసి దాన్ని లేవదీసేవాడు, పక్క మార్చి పడుకోబెట్టేవాడు. పదో రోజు అది కళ్ళు మూసింది.

అదే రోజు కాలవ వీధి నుంచి ఒకావిడ మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. "బతికున్నన్నాళ్ళూ మహానుభావుడు ఎవరికీ కీడు చెయ్యలేదు. పోయాక వచ్చి నా పెయ్యను తీసుకుపోయాడు!" అని ఏడ్చింది. నాయనమ్మ లోపల నుంచి ఆ మాట వింది. తాతయ్య పోయినప్పుడు కూడా ఆవిడ ముఖం అంతలా వాడిపోవడం నేను చూడలేదు.

నాయనమ్మ నాన్ననూ సాయిబు తాతనూ పిలిపించింది. "ఎనిమిది ఈతలు ఈనిన తల్లి కడుపున పుట్టింది ఇట్టా ఎట్టా చేస్తుందిరా?" అని అడిగింది. నాన్న నేల చూశాడు. నేను స్తంభం వెనక ఉన్నాను.

సాయిబు తాత నా వైపు ఒకసారి చూశాడు. "అమ్మగారూ, మాకు తల్లి అని చూపించింది వేరే ఆవుని అయ్యుంటుందండీ. బాబుగారికి, పాపకి ఏం తెలుస్తుంది. చూడాల్సినోణ్ణి నేను. నేనే మోసపోయాను" అన్నాడు.

నాయనమ్మ, "నీ మీద నమ్మకం పెట్టుకున్నాం కదయ్యా" అంది. ఆయన తల వంచుకుని చేతులు జోడించాడు.

సాయంత్రానికల్లా ఊరంతటికీ అది సాయిబు ఎంచిన కోడె అయిపోయింది. చాలా ఇళ్ళవాళ్ళు నాడాలకు వేరే మనిషిని పిలుచుకున్నారు. అయినా ఆయన గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, ఆ ఆబోతు వచ్చినప్పుడు తొలిచూలు పెయ్యలను కట్టేసుకోమని, పెద్ద ఆవులను మాత్రమే వదలమని చెప్పేవాడు. "చేసిందంతా చేసి ఇప్పుడు చెప్పొచ్చావా" అని ముఖం మీదే తలుపులు వేసేవారు. అలా తిరగబట్టే ఊళ్ళో మిగిలిన పెయ్యలు బతికాయి.

ఒకరోజు గట్టు మీద ఆయన సైకిలుకు అడ్డంపడి, నాయనమ్మతో నిజం చెప్పేస్తానని ఏడ్చాను. ఆయన సైకిలు దిగాడు. "ఇప్పుడొద్దు పాపా. కొడుకే పక్కనుండి చెప్పించాడని తెలిస్తే ఆ తల్లి తట్టుకోలేదు. ఇంకెప్పుడూ చూడందాన్ని చూశానని చెప్పమాక. నువ్వు నాకిచ్చేది అదే అనుకుంటా" అన్నాడు. అబద్ధం ఆడొద్దని నాకు చెప్పడానికి ఆయన నా కోసం ఒక అబద్ధం మోస్తున్నాడు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో అప్పుడు తెలియలేదు. ఇన్నేళ్ళుగా రోజూ దేవుడి ముందు దీపం పెడుతూ ఆలోచించినా పూర్తిగా తెలిసిందని చెప్పలేను.

మా నాన్న ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. కానీ మా ముసలావు కోడెదూడకు బీజాలు కొట్టి దుక్కిటెద్దును చెయ్యడానికి వచ్చినవాళ్ళను వెనక్కి పంపేశాడు. పెయ్యలకు దాన్ని వాడుకోమని ఊళ్ళో చెప్పాడు. దాని దూడలు చిన్నగా, తేలిగ్గా బయటపడేవి. పందెం కోడె కూతుళ్ళు గిట్టలు చీలి, పొదుగులు జారి, మూడో ఈతకే కొట్టాలు ఖాళీ చేశాయి. ముసలావు మనవరాళ్ళు పది ఈతలు దాటి కూడా అదే బురదలో తిన్నగా నడిచాయి. ఆ మేలును ఎవరూ సాయిబు తాత ఖాతాలో వెయ్యలేదు.

ఇప్పుడు ఆవులను చూడి కట్టించే సూది మందు ఎంచుకోవడానికి మా తమ్ముడి కొడుకులు ఫోనులో ఆబోతుల బొమ్మలు పంపి, "ఇది ఎంత బరువో చూడు అత్తా!" అంటారు. తల్లి ఎన్ని ఈతలు ఈనిందో, అక్కచెల్లెళ్ళ కాళ్ళెలా ఉన్నాయో, తొలిచూలుకు దూడ సులువుగా వస్తుందో లేదో కనుక్కోమంటాను. కనుక్కోలేకపోతే, తెలియదని చెప్పమంటాను. తెలియదు అనే మాట నేను సిగ్గుపడకుండా అనగలుగుతున్నాను. అది ఆయన పెట్టిన భిక్ష.

మోకాళ్ళు పట్టేసి ఆయన రావడం మానేశాడు. ఇబ్రహీంపట్నంలో కూతురింట్లో పోయాడని చాలా రోజులకు తెలిసింది. నాయనమ్మ ఆయనే మోసపోయాడనుకుంటూనే కన్నుమూసింది. నాన్న కూడా లేడు. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయనను తలుచుకుంటాను, కానీ పేరు పెట్టి తలుచుకోలేను. ఏళ్ళ తరబడి మా ఇంటికి వచ్చిన మనిషిని పేరేమిటని మాలో ఒక్కరమూ అడగలేదు.

ఇది చదివిన మీరు, కంకిపాడు నుంచి సైకిల్ మీద వచ్చి మా ఎడ్లకు నాడాలు కొట్టిన ఆ సాయిబు గారిని ఒక్కసారి తలుచుకోండి. ఆ కోడెను ఎంచింది ఆయన కాదు.